నిద్రపోని పిల్లల గది

జూన్ 3

అక్కా,

ఈ ఉత్తరం ఎన్ని ముక్కలుగా వస్తుందో నాకే తెలీదు. నీ మేనకోడలు ఇప్పుడే కళ్ళు మూసుకుంది. మూసుకుందంటే పూర్తిగా కాదు. ఒకటి మూసి, రెండోదాంతో నేను లేస్తానా లేదా అని కనిపెడుతోంది.

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఫోన్లో నేను ఒకటి చెప్తే నీకు ఇంకోటి వినపడుతుంది. ఇరవై రెండేళ్ళు క్రెష్‌లో పిల్లల గోల విన్న చెవులాయె. అందుకే కాగితం పట్టుకున్నాను.

సంగతేంటంటే, బుడంకాయ పగటి నిద్ర మానేసింది. రెండేళ్ళ ఏడు నెలలకే మానేస్తారా? మొన్నటిదాకా ఒంటిగంటకి పడుకోబెడితే మూడింటిదాకా కదిలేది కాదు. ఈ ఇల్లు నడిచిందే ఆ రెండు గంటల మీద. నీ మరదలు తెల్లవారుజామున నాలుగింటికల్లా బస్సు తియ్యడానికి డిపోలో ఉండాలి. ఒంటిగంటన్నరకి ఇంటికొచ్చి, నాలుగు ముద్దలు తిని, పిల్ల పక్కన ఒరిగేది. వాళ్ళిద్దరూ పడుకున్నాక నేను ముందు గదిలో వయొలిన్ల రిపేరు పట్టుకునేవాణ్ణి. నా పని నీకు తెలుసుగా. పైచెక్క అతికించాలంటే వేడి జిగురు పూసి, అది చల్లారేలోపు చుట్టూ బిగింపులు వేసెయ్యాలి. రెండే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఎవరూ వచ్చి "నాన్నా, ఉచ్చ" అనకూడదు.

ఆగు.

మళ్ళీ వచ్చాను. నలభై నిమిషాలైంది. మంచం దిగి వచ్చి, నా బల్ల కింద కూర్చుని, రంపప్పొట్టు నెత్తిన పోసుకుంది. ఎత్తుకెళ్ళి పడుకోబెట్టాను. దిగింది. పడుకోబెట్టాను. దిగింది. ఆరోసారి నేను నవ్వేశాను, అదే నేను చేసిన తప్పు. ఆటనుకుంది. వాళ్ళమ్మ లేచి గుమ్మందాకా వచ్చి, నా నవ్వు చూసి వెనక్కి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఐదయ్యేసరికి మాత్రం దీనికి పూనకం. చెప్పు కుడికాలిదైతే ఏడుపు, ఎడమకాలిదైతే ఏడుపు. అంటే నిద్ర కావాలి, కానీ పోదు. నాకు తల ప్రాణం తోకకొస్తోంది.

ముప్పై మందిని నిద్రపుచ్చేదానివి, నాకు ఒక్కదాన్ని నిద్రపుచ్చడం నేర్పు.

నీ తమ్ముడు

—

జూన్ 9

తమ్ముడూ,

ఉత్తరం అందింది. రెండో పేజీ మీద ఏదో అంటుకుని ఉంది, జిగురో పిల్ల తాగే పాలో. చాకుతో విడదీసి చదివాను.

నవ్వడంతోనే చెడగొట్టావు. పిల్లలకి పడుకునే వేళ మన మొహంలో ఏమీ కనపడకూడదు. కోపమూ వద్దు, ముద్దూ వద్దు. గోడలా ఉండాలి.

నేను చేసేది చెప్తాను, అక్షరం పొల్లుపోకుండా చెయ్యి. రోజూ ఒకే వేళ. పన్నెండున్నర అన్నావో, పన్నెండున్నరే. మా దగ్గర గంట చూసి చాపలు పరుస్తాం. తెరలు దించి గది చీకటి చెయ్యి. బొమ్మలు బయట. ఒక్క మాట చెప్పు, "ఇప్పుడు పడుకునే వేళ" అని. ఆ తర్వాత నోరు విప్పకు. లేస్తే పడుకోబెట్టు. ఎన్నిసార్లని లెక్కపెట్టకు, లెక్కపెట్టేవాడికి విసుగొస్తుంది. నువ్వు ఎదురుగా ఉన్నంతసేపూ నీతో బేరాలాడుతుంది, కాబట్టి బయటికొచ్చి తలుపు వేసెయ్యి. పావుగంట ఏడుస్తుంది. ఏడవనీ. నా చేతిమీదుగా ఎంతమంది పిల్లలు పెరిగుంటారు? నిద్రపోని పిల్ల ఒక్కత్తి కూడా లేదు. నిద్రపుచ్చలేని పెద్దవాళ్ళున్నారు.

ఇంకోటి, కోపం తెచ్చుకోకు. మరదలు సరిగ్గా పిల్ల కళ్ళు మూతపడే వేళకి బూట్ల చప్పుడుతో ఇంట్లోకొస్తుంది. అమ్మ కనపడ్డాక ఏ పిల్ల పడుకుంటుంది? డ్యూటీ వేళ మార్చుకోమను, లేదా ఓ గంట డిపోలోనే పడుకుని రమ్మను.

ఇక్కడ ఎండ బాగా ముదిరింది. మా మేడ మీద నీళ్ళ తొట్టి కారుతోందని మూడుసార్లు చెప్పాను, ఇంటివాళ్ళు చెవిన పెట్టరు. నాలాగే వాళ్ళకీ వినపడదేమో. నా ఆరోగ్యం బాగానే ఉంది. క్రెష్‌లో అంతా మామూలే.

వారం తర్వాత ఎలా ఉందో రాయి.

అక్క

—

జూన్ 17

అక్కా,

మొదటి మూడు రోజులూ నువ్వు దేవతవి. చెప్పింది చెప్పినట్టు చేశాను. తెరలు దించాను, గోడలా నిలబడ్డాను. గోడకి చెమటలు పడతాయని నువ్వు చెప్పలేదు. మొదటిరోజు పంతొమ్మిదిసార్లు (లెక్కపెట్టాను, క్షమించు), రెండోరోజు ఏడు, మూడోరోజు నాలుగు. పడుకుంది. నేను ఒక వయొలిన్‌కి పైచెక్క అతికించి, ఇంకోదాని కడుపులో నిలబెట్టే కర్రముక్క కూడా సరిచేశాను.

నాలుగోరోజు నుంచి మళ్ళీ మొదటికి. ఇప్పుడు ఏడవడం లేదు, కబుర్లు చెప్తోంది. తలుపు అవతల నుంచి "నాన్నా, కిటికీలో పిట్ట" అంటుంది. కాసేపాగి "నాన్నా, పిట్ట పోయింది" అంటుంది. గోడ ఏమీ మాట్లాడదు. గోడకి ఎంత బాధగా ఉంటుందో నీకు తెలుసా?

నీ మరదలికి నీ ఉత్తరం చూపించకుండా ఉండాల్సింది. బూట్ల సంగతి చదివి అక్కడికక్కడ బూట్లు విప్పి గుమ్మం బయట పెట్టింది. అప్పటినుంచి చెప్పుల్లేకుండా మెట్లెక్కి వస్తోంది. వేళ మార్చుకోవడం మా చేతుల్లో లేదక్కా. కొత్తవాళ్ళకి తెల్లవారు బండే ఇస్తారు. తను చేరి ఏడాదే అయింది.

నీకు చెప్పకూడదనుకున్నాను కానీ చెప్తాను. మొన్న సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడ్డా బస్సు కదల్లేదట. వెనకనుంచి హారన్లు మోగితే అప్పుడు ఉలిక్కిపడి లేచింది. బస్సులో నలభైమంది. కండక్టరు వచ్చి "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్తూ చేతులు చూసుకుంది.

అయినా తనే అంటోంది, "నిద్ర రానిదాన్ని పడుకోబెట్టడమేంటి? అదేం తప్పు చేసింది?" అని. నేను నీ మాట చెప్పాను, నిద్రపోని పిల్లంటూ ఉండదట అని. "అలాగా? మరి అక్కడ ఎవరికైనా నిద్ర రాకపోతే మీ అక్క ఏం చేస్తారు? గోడకి తిప్పి పడుకోబెడతారా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజులకి నవ్వింది.

నిజంగానే అడుగుతున్నా, ఏం చేస్తావక్కా? ఆ కిటుకేదో చెప్పు. లేచింది. ఉంటాను.

తమ్ముడు

—

జూన్ 22

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది.

గోడకి తిప్పి పడుకోబెడతానా అని అడిగి ఇద్దరూ నవ్వుకున్నారన్నమాట. ఆ కబురు మీదాకా ఎవరు మోసుకొచ్చారో నేను ఊహించగలను. మరదలి పెద్దమ్మ కూతురు తన కొడుకుని మా దగ్గరే వదుల్తుంది కదా. తెలిస్తే తెలిసిందని నేరుగా అడగొచ్చు. ఉత్తరంలో ఎత్తిపొడవక్కర్లేదు.

ఇకమీదట పిల్ల విషయం మీరిద్దరే చూసుకోండి. నన్ను సలహా అడగొద్దు.

అక్క

—

జూన్ 27

అక్కా,

ఏ కబురు? ఎవరు మోశారు? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, నీ మరదలు రెండుసార్లు చదివింది. ఆవిడకి వాళ్ళ పెద్దమ్మ కూతురితో మాటల్లేక ఏడాదైంది, ఏదో చీర దగ్గర. మేం హాస్యానికి అన్న మాట అది. అక్కడేదో జరిగిందని నీ ఉత్తరం చూశాకే అర్థమైంది. ఏం జరిగింది? నువ్వెప్పుడూ నాకు "తమ్ముడికి" అని రాయలేదు.

నువ్వు సలహా అడగొద్దన్నావు, అడగను. జరిగింది మాత్రం చెప్తాను. చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

మంగళవారం. ఒక సంగీతం మాస్టారి వయొలిన్, వచ్చేవారం కచేరీ. జిగురు వేడెక్కింది. పిల్ల ఐదుసార్లు మంచం దిగింది. ఆరోసారి నేను గోడలా లేనక్కా. భుజాలు పట్టుకుని మంచం మీద కుదేసి, "నోరు మూసుకుని పడుకో, ఒక్క మాట వినపడిందంటే ఊరుకోను" అన్నాను. నువ్వు చెప్పినట్టే బయటికొచ్చి తలుపు వేశాను. మళ్ళీ వస్తుందని బయటినుంచి గొళ్ళెం పెట్టాను. కాసేపు ఏడ్చింది. తర్వాత చప్పుడు లేదు. పడుకుందిలే అనుకున్నాను.

జిగురు పూశాను. బిగింపులు వేస్తున్నాను. నీ మరదలు వచ్చింది. "పడుకుందా?" అంది. "ఇవాళ తొందరగానే" అన్నాను, గొప్పగా. తను వెళ్ళి గొళ్ళెం తీసి నెట్టింది. తలుపు రాలేదు. లోపల కింద ఒక గడియ ఉంది, మేమెప్పుడూ వాడం. దాన్ని ఇది లోపలినుంచి తోసేసింది.

పిలిచాం. పలకలేదు. గట్టిగా పిలిచాం. ఊహూఁ. అప్పుడు నీ మరదలు నా మొహం చూసి "కిటికీ మూశారా?" అంది.

మాది రెండో అంతస్తు. ఆ కిటికీకి ఊచల్లేవు. పిట్ట కనపడిన కిటికీ అదే.

తను ఉత్త కాళ్ళతో మెట్లు దిగి వెనకవైపుకి పరుగెత్తింది, కిందనుంచి చూడ్డానికి. నేను తలుపుని భుజంతో గుద్దాను. రెండుసార్లు గుద్దినా రాలేదు. బల్ల మీది పెద్ద ఉలి తెచ్చి గడియ దగ్గర చెక్క పగలగొట్టాను. లోపల మంచం ఖాళీ. కిటికీ తెరిచి ఉంది. ఆ రెండడుగులు కిటికీ దాకా ఎలా వెళ్ళానో నాకు తెలీదక్కా. కింద నీ మరదలు తలెత్తి నన్ను చూస్తోంది, నేను తనని చూస్తున్నాను. మధ్యలో ఏమీ లేదు. నేల మీద ఏమీ లేదు.

అప్పుడు వెనక బట్టల బీరువాలో కదలిక వినపడింది. అడుగు అరలో, దుప్పట్ల మీద ముడుచుకుని కూర్చుంది. కళ్ళు ఇంతింత చేసుకుని ఉంది. తన గుడ్డ ఏనుగు నోటిమీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంది. మేం పిలిచిందంతా విన్నది. తలుపు పగలడం విన్నది. ఎందుకు పలకలేదమ్మా అంటే, గుసగుసగా, "మాట్లాడితే నాన్న ఊరుకోడు" అంది.

నీ మరదలు పైకొచ్చి పిల్లని ఎత్తుకుని ఆ గది మధ్యలో అలాగే కూర్చుంది, సాయంత్రందాకా. నాతో ఒకే మాట అంది: "ఇక చాలు."

వయొలిన్ పైచెక్క వంకరగా అతుక్కుపోయింది. మళ్ళీ వేడినీళ్ళ ఆవిరి పట్టి ఊడదియ్యాలి. మాస్టారికి ఇంకా చెప్పలేదు.

తలుపు వెయ్యమన్నది నువ్వే అని నీమీద కోపంగా ఉంది. గొళ్ళెం పెట్టింది నేనే అని నామీద ఇంకా కోపంగా ఉంది. పిల్ల ఇప్పుడు నన్ను ఏదడిగినా గుసగుసగానే అడుగుతోంది. మామూలుగా మాట్లాడమ్మా అంటే తల ఊపి, మళ్ళీ గుసగుసగా "సరే" అంటోంది.

తమ్ముడు

—

జూలై 4

ఒరేయ్,

నీ ఉత్తరం గేటు దగ్గర నిలబడి విప్పాను. బీరువా దాకా చదివి, మిగతాది ఇంటికొచ్చి కూర్చుని చదివాను.

నేను తలుపు వెయ్యమన్నానే గానీ గొళ్ళెం పెట్టమన్నానా అని మొదట రాసి, చింపేశాను. తలుపంటే నువ్వు వేరే ఏమనుకుంటావు? గదిలోంచి బయటికి వచ్చెయ్యి, ఏడిస్తే ఏడవనీ అన్నదాన్ని నేను. నా మాటకి చివర ఉన్నది గొళ్ళెమే.

నీకో అబద్ధం చెప్పాను. "క్రెష్‌లో అంతా మామూలే" అని. నీకు ఆ సలహాలు రాసిన రోజుకి నేను నిద్రగదిలో లేను. ఏప్రిల్ చివర్లోనే తీసేశారు. ఇప్పుడు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని వచ్చేవాళ్ళ, పోయేవాళ్ళ పేర్లు రాస్తున్నాను.

కళ్ళజోడు పెట్టుకునే ఒక నాలుగేళ్ళ పిల్ల ఉంది. పగలు నిద్రపోదు. ఎప్పుడూ పోలేదు. నేను ఊరుకోలేదు. అందరితోపాటు పన్నెండున్నరకి పడుకోబెట్టి, విరిగిపోతుందని కళ్ళజోడు తీసి అలమరలో పెట్టి, పక్క పిల్లలతో మాట్లాడకుండా గోడవైపు తిప్పేదాన్ని. లేవకూడదు, మాట్లాడకూడదు. రెండు గంటలు. బాగా వింటోందని మెచ్చుకునేదాన్ని కూడా. ఒకరోజు వాళ్ళ నాన్న తొందరగా వచ్చాడు. పిల్ల గోడవైపు తిరిగి, కళ్ళు తెరుచుకుని, తడిసిన దుప్పటిలో ఉంది. "బాత్రూముకని అడగొచ్చు కదమ్మా" అంటే "మాట్లాడకూడదు కదా" అందట. నేను అదే గదిలో, నాలుగడుగుల దూరంలో కుర్చీలో ఉన్నాను.

నీ ఉత్తరంలో "మాట్లాడితే నాన్న ఊరుకోడు" అన్న దగ్గర నాకు మీ బీరువా కనపడలేదు. ఆ దుప్పటి కనపడింది.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మ నన్ను పిలిచి, "నిద్ర రాని పిల్లల్ని కూర్చుని ఆడుకోనివ్వండి, అందరూ పడుకునే తీరాలని ఎందుకంత పట్టు?" అని అడిగింది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. ఆమెకి చెప్పనిది నీకు చెప్తాను. నీకే చెప్పాలి కూడా.

నీకు రెండేళ్ళప్పుడు అమ్మకి మధ్యాహ్నం షిఫ్టు. నేను బళ్ళోంచి వచ్చి నిన్ను చూసుకునేదాన్ని. నాకు పదకొండేళ్ళు. అమ్మ రోజూ వెళ్తూ చెప్పేది ఒకటే, "వాణ్ణి పడుకోబెట్టు, తర్వాత నువ్వు చదువుకో" అని. ఒకరోజు నిన్ను జోకొడుతూ జోకొడుతూ నేను పడుకున్నాను. నువ్వు పడుకోలేదు. లేచేసరికి చాప ఖాళీ. వీధి తలుపు బార్లా తీసి ఉంది.

పరుగెత్తుకుంటూ వీధి చివరికి వెళ్ళాను. పెద్ద రోడ్డు మధ్యలో లారీ అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు కిందికి దిగి నిన్ను ఒక చేత్తో ఎత్తుకుని నిలబడ్డాడు. నువ్వు ఆయన జేబులో పెన్ను లాగుతున్నావు. "ఈ పిల్లాడు మీవాడేనా? ఇలాగేనా చూసుకునేది?" అన్నాడు. నన్ను కొట్టబోయి, నా వయసు చూసి ఆగాడు. ఇంటిదాకా వచ్చి దింపి వెళ్ళాడు. అమ్మకి చెప్పొద్దని బతిమాలాను. ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అమ్మ పోయేదాకా.

ఆ తర్వాత పగలు నేనెప్పుడూ కళ్ళు మూయలేదు. నిద్రపోయిన పిల్లలే ఎక్కడికీ పోరు, తమ్ముడూ. నాకు తెలిసింది అదొక్కటే. దాన్నే ఇరవై రెండేళ్ళు ఉద్యోగం చేసుకున్నాను.

మరదలిని బూట్లు వేసుకునే లోపలికి రమ్మను. నేనే చెప్పానని చెప్పు.

పిల్ల గట్టిగా మాట్లాడుతోందా? అదొక్కటి వెంటనే రాయి.

అక్క

—

జూలై 11

అక్కా,

ముందు నువ్వడిగింది. మాట్లాడుతోంది. నిన్న పొద్దున్న పాలగ్లాసు పారేసి "నేను కాదు!" అని వీధంతా వినపడేలా అరిచింది. నేను గ్లాసు తీయడం మానేసి అలాగే నిలబడిపోయాను. అంత హాయైన అరుపు నేనెప్పుడూ వినలేదు.

నీ ఉత్తరం మేమిద్దరం పక్కపక్కన కూర్చుని చదివాం. నాకు ఆ లారీ ఏమీ గుర్తులేదు. పెన్నూ గుర్తులేదు. ముప్పై అయిదేళ్ళుగా నువ్వు ఒక్కదానివే మోస్తున్నది నాది కూడా కదక్కా, నాకు ఎప్పుడో ఇచ్చుండాల్సింది. చదవడం అయ్యాక నీ మరదలు ఉత్తరం మడిచి పెట్టింది. తర్వాత అంది, "పదకొండేళ్ళ పిల్లకి నిద్ర రాదా? అదేం తప్పు చేసింది?" అని. బుడంకాయ గురించి అన్న మాటే, అదే గొంతుతో. ఇంకోటి కూడా అంది. "ఆ లారీ ఆయన ముందురోజు రాత్రి కంటినిండా నిద్రపోయుంటాడు. అందుకే బ్రేకు అందింది." డ్రైవరు బుర్ర కదా, అటే పోయింది. మర్నాడే డిపోకి వెళ్ళి పెద్దాయనతో మాట్లాడొచ్చింది, సిగ్నల్ దగ్గర జరిగింది దాచకుండా చెప్పింది. తిట్టాడట. తిట్టి, రెండు నెలలపాటు పొద్దున్న పదింటి బండికి మార్చాడు. తర్వాత సంగతి తర్వాత.

ఇంట్లో కూడా మార్చాం. పగటి నిద్ర అనే మాటే ఎత్తడం లేదు. మధ్యాహ్నం నేనూ, ఇదీ బయటికి పోతున్నాం, ఎండగా ఉంటే మెట్ల కింద చల్లగా ఉండేచోట కూర్చుంటున్నాం. పగలు పడుకోదు కాబట్టి సాయంత్రం ఏడింటికే ఒరిగిపోయి పొద్దున్న ఏడింటిదాకా లేవదు. నేను తెల్లవారి నాలుగున్నరకి లేచి జిగురు పెట్టుకుంటున్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. నీ మరదలు కూడా ఇప్పుడు ఆరింటిదాకా పడుకుంటోంది.

అన్నీ సర్దుకున్నాయని అనుకోకు. మొన్న సాయంత్రం ఐదింటికి, నోట్లో ముద్ద ఉండగానే కూర్చున్నచోటే నిద్రపోయింది. ముద్ద వేలుపెట్టి తీయాల్సొచ్చింది. గంట తర్వాత లేచి పదింటిదాకా ఇల్లు పీకి పందిరేసింది. ఎప్పుడు వాలిపోతుందో, ఎప్పుడు లేస్తుందో తెలీక ఇద్దరం కాలు నిలవకుండా తిరుగుతున్నాం. తలుపు చెక్క ఇంకా పగిలే ఉంది. కిటికీకి ఊచలు పెట్టించాను, అది మాత్రం ఆ మర్నాడే.

సంగీతం మాస్టారికి నిజం చెప్పాను. కచేరీకి వేరేవాళ్ళ వయొలిన్ పట్టుకెళ్ళాడు. నాతో మాట్లాడ్డంలేదు.

ఒక్క మాట అంటాను, కోపం తెచ్చుకోకు. ఆ కళ్ళజోడు పిల్ల వాళ్ళ నాన్న రోజూ నీ గేటు ముందునుంచే వెళ్తాడుగా. పేరు రాసుకుని పంపేస్తున్నావా?

కుదిరితే రా అక్కా. నాలుగు రోజులు ఉండిపో.

తమ్ముడు

—

జూలై 24

తమ్ముడూ,

ఆలస్యమైంది. చెప్పుకోడానికి ఏదైనా ఉంటేనే రాద్దామని ఆగాను.

నువ్వన్నది నిజమే. ఆయన వస్తుంటే నేను రిజిస్టరులోంచి తలెత్తేదాన్ని కాదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు లేచి నిలబడ్డాను.

"ఆరోజు తప్పు నాదండీ. పిల్లది కాదు" అన్నాను.

ఆయన ఆగాడు. మంచి మనిషే, అరవలేదు. "మా పిల్ల ఇప్పటికీ ఇంట్లో బాత్రూముకి వెళ్ళాలంటే మా దగ్గరికొచ్చి వెళ్ళనా అని అడుగుతుందండీ. సెలవు రోజుల్లో కూడా. వెళ్ళమ్మా అనేదాకా నిలబడే ఉంటుంది" అన్నాడు. అని వెళ్ళిపోయాడు. ఫర్లేదులెండి అంటాడేమో అనుకున్నాను. అనలేదు. అనకపోవడమే న్యాయం.

తర్వాతి సోమవారం మేనేజరమ్మ పిలిచింది. నిద్రగదికి మనుషులు చాలడం లేదు, మళ్ళీ వస్తారా అంది. మూడు నెలలుగా ఆ పిలుపు కోసమే కుర్చీలో కూర్చున్నాను. తీరా వచ్చాక వద్దన్నాను. "పడుకోని పిల్లల్ని ఏం చేస్తున్నారు?" అని అడిగాను. వరండాలో ఆయా దగ్గర కూర్చోబెడుతున్నారట, ఆమెకి వేరే పని బోలెడు. "ఆ చివరగది నాకివ్వండి, వాళ్ళని నేను చూసుకుంటాను" అన్నాను.

ఆమె చేతిలో పెన్ను కింద పెట్టింది. "పిల్లలు లేచి అటూ ఇటూ తిరిగితే మీరు ఊరుకోగలరా?" అంది.

"తెలీదు. చూడండి" అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

ఆరుగురు. మొదటిరోజు నేను కుర్చీలో కూర్చున్నది లేదు. ఒకడు కిటికీ దగ్గరికి పోతే నేనూ వెనకే పోయేదాన్ని, ఇంకొకత్తి గుమ్మంవైపు నడిస్తే నా కాళ్ళు వాటంతటవే లేచేవి. గంటలో ఎన్నిసార్లు తలలు లెక్కపెట్టానో. ఒకటి, రెండు, మూడు... ఆరు. మళ్ళీ ఒకటి. ఒక పిల్లాడు విసుగొచ్చి, "మేం ఇక్కడే ఉన్నాంగా, ఎందుకు లెక్కపెడతావు?" అన్నాడు. "నాకు భయం" అన్నాను. పిల్లలకి అలా చెప్పడం అదే మొదటిసారి. వాడు ఆలోచించి, "సరే, లెక్కపెట్టుకో" అన్నాడు.

కళ్ళజోడు పిల్ల మొదట్లో లోపలికి రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి నన్ను చూసేది. రమ్మని పిలవలేదు. పిలిస్తే వస్తుంది, నా మాట వినడం దానికి అలవాటు. అందుకే పిలవలేదు. నాలుగోరోజు తనంతట తనే వచ్చి, నాకు దూరంగా, ఆ మూల కూర్చుని బొమ్మలు గీసుకుంది.

వచ్చేనెల మొదటివారంలో సెలవు అడిగాను, ఇచ్చారు. నాలుగు రోజులు ఉంటాను. బుడంకాయకి చెప్పు, అత్త నిద్రపుచ్చడానికి రావడం లేదని.

ఇవాళ మధ్యాహ్నం సంగతి ఒకటి రాసి ముగిస్తాను. కళ్ళజోడు పిల్ల రంగుపెన్సిలు కింద పెట్టి లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. నేను కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తున్నాను. వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను గోడలా ఉండలేకపోయాను, ఏదో మొహం పెట్టుంటాను.

"బాత్రూముకి వెళ్తున్నా" అంది.

వెళ్ళనా అని అడగలేదురా. వెళ్తున్నా అంది, వెళ్ళింది.

అక్క